వేలిముద్ర అడిగే ముందు

ఆగస్టు 9 వచ్చిందంటే మన బడుల్లో ఏదో ఒక ప్రదర్శన పెడతాం. విల్లంబులు, వెదురు బుట్టలు, డోలు, కొమ్ము బూర, సామలు, కొర్రలు బల్లల మీద పేరుస్తాం. వచ్చిన అధికారులు ఫొటో దిగి వెళతారు. దానికి బదులు ఇంకో రకం ప్రదర్శన పెడితే బాగుంటుందన్న ఆలోచన మన యువకుల్లో, కొందరు టీచర్లలో కనిపిస్తోంది. మన పేరు, ఫొటో, వేలిముద్ర, కంటిపాప, రోగాలు, భూమి, వీటి వివరాలు ఎవరు తీసుకుంటున్నారు, ఎక్కడ దాస్తున్నారు, వాటితో ఏం చేస్తున్నారు అన్నది జనం కళ్లతో చూసి, చేత్తో తాకి తెలుసుకునే ప్రదర్శన. ఆలోచన మంచిది, పెట్టాల్సిందే. కానీ బల్లలు వేసే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కరెంటుకీ కంప్యూటర్లకీ సంబంధించింది కాదది, న్యాయానికి సంబంధించింది.

ఇలాంటి ప్రదర్శన అనగానే అందరికీ మొదట తట్టే ఉపాయం ఇది. గేటు దగ్గర ఇద్దరు పిల్లల్ని రిజిస్టరుతో కూర్చోబెడతాం. వచ్చినవాళ్ల పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు రాయించుకుంటాం. ఒక ఫొటో తీస్తాం. చివర్లో లక్కీ డ్రా ఉందని ఆశ పెడతాం. వాళ్లు నాలుగు బల్లలు చూసుకుని ఆఖరి గదిలోకి వెళ్లేసరికి తెర మీద వాళ్ల ముఖం, వాళ్ల నంబరు, వాళ్ల ఊరు! పక్కన "చూశారా, ఎంత తేలిగ్గా ఇచ్చేశారో" అని బోర్డు. జనం ఉలిక్కిపడతారు. పాఠం బుర్రకెక్కుతుంది. ఉపాయం పనిచేస్తుందనడంలో అనుమానం లేదు. మరి అలా చేయడం సరైనదేనా? మోసం తప్పని చెప్పడానికి చిన్న మోసం చేయొచ్చా?

బయటి దేశాల్లో ఈ ప్రశ్న ఇప్పటికే వచ్చింది. 2019లో ఇటలీలోని మిలాన్ నగరంలో కేట్ క్రాఫర్డ్ అనే పరిశోధకురాలు, ట్రెవర్ పాగ్లెన్ అనే కళాకారుడు కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. మనుషుల్ని గుర్తుపట్టడం కంప్యూటర్లకు నేర్పేందుకు ఏ ఫొటోలు వాడారో, ఆ ఫొటోల్లోని మనుషులకు ఏ పేర్లు తగిలించారో అందులో చూపించారు. ఫొటోల్లో ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఇంటర్నెట్ నుంచి గంపగుత్తగా తెచ్చుకున్నారు. ఆ ప్రదర్శనలో ఒక యంత్రం ఉండేది. దాని ముందు నిలబడితే మన ముఖానికి కంప్యూటర్ ఏ పేరు పెడుతుందో రాసి చూపేది. ఇంటర్నెట్‌లో కూడా దాన్ని అందరికీ తెరిచారు. కొందరికి మామూలు మాటలే వచ్చాయి. నల్లజాతి వాళ్లకు, ఆసియా వాళ్లకు మాత్రం జాతి పేరుతో తిట్లు వచ్చాయి. గొడవ పెద్దదయ్యాక ఆ ఫొటోల భండారాన్ని నడిపేవాళ్లు 6 లక్షల ఫొటోలు తీసేస్తామని ప్రకటించారు. ప్రదర్శన వల్ల మేలు జరిగింది, ఒప్పుకోవాలి. కానీ ఆ పాఠం నేర్పడానికి తిట్లు తిన్నది ఎవరు? బయట రోజూ తినేవాళ్లే.

ఇంకో కళాకారుడు, జర్మనీకి చెందిన ఆరమ్ బార్తోల్, వేరే దారి పట్టాడు. 2012లో లింక్డ్‌ఇన్ అనే కంపెనీ నుంచి దొంగలు ఎత్తుకుపోయిన పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిలో 47 లక్షల పాస్‌వర్డుల్ని అక్షర క్రమంలో 8 లావుపాటి పుస్తకాలుగా అచ్చు వేసి బల్ల మీద పెట్టాడు. పక్కన పేర్లు లేవు. వచ్చినవాళ్లు పేజీలు తిప్పి తమ పాస్‌వర్డు ఉందేమో వెతుక్కోవచ్చు. ఎవరు ఏది వెతికారో ఇంకొకరికి తెలియదు. దొంగసొత్తును అచ్చు వేయడం నాకు పూర్తిగా నచ్చలేదు. అయినా ఒక మర్యాద ఉంది అందులో: చూసేవాడి దగ్గర కొత్తగా ఏమీ తీసుకోలేదు, వెతకడమా మానడమా అన్నది అతనికే వదిలేశాడు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గేటు దగ్గరి ఉపాయంలో నాకు కనిపించే మొదటి తప్పు మోసం కూడా కాదు. అందులో ఒక అబద్ధం దాగి ఉంది. "మీరు అజాగ్రత్తగా ఇచ్చేశారు" అని అది జనాన్ని నిందిస్తుంది. పట్నంలో ఆటల యాప్ కోసం ఫోన్‌లోని నంబర్లన్నీ అప్పగించిన కుర్రాడికి ఆ మాట సరిపోవచ్చు. కొండ మీది గూడెంలో ముసలమ్మ వేలు మిషన్ మీద పెడితే అది అజాగ్రత్తా? పెట్టకపోతే బియ్యం రావు. పెట్టినా ఒక్కోసారి రావు. కట్టెలు కొట్టి, తుప్పలు నరికి, అడ్డాకులు కుట్టి అరిగిపోయిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. సిగ్నల్ కోసం మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కిన డీలర్లు మన ఏజెన్సీలో ఎంతమందో. ఉపాధి కూలి, పింఛను, స్కాలర్‌షిప్పు, ఆస్పత్రి కార్డు, అన్నిటి ముందూ ఇదే వేలు, ఇదే నంబరు. మన జనం ఇచ్చేది నిర్లక్ష్యంతో కాదు. అడిగేవాడి చేతిలో తమకు కావలసింది ఉంది కాబట్టి ఇస్తారు. ఈ సంగతి చెప్పకుండా "జాగ్రత్తగా ఉండండి" అని బోర్డు పెడితే, వాగు దాటడానికి వంతెన లేని ఊరివాళ్లకు ఈత నేర్చుకోమని సలహా ఇచ్చినట్టే.

ఆధార్ మొదటి కార్డులు ఇచ్చింది ఢిల్లీలోనో ముంబైలోనో కాదు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లాలో టెంభ్లీ అనే ఆదివాసీ పల్లెలో. ఈ విషయం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ప్రదర్శనలో ఒక బల్ల మీద భారతదేశ పటం పెట్టి, మొదటి కార్డు ఎక్కడ ఇచ్చారో వేలితో చూపించమంటే చాలు. ఎందుకు అక్కడే మొదలుపెట్టి ఉంటారన్న చర్చ దానంతట అదే పుడుతుంది. "అందరికంటే వెనకబడినవాళ్లకు ముందు మేలు చేయాలని" అని ఒకరంటారు. "కాదనలేనివాళ్ల దగ్గర మొదలుపెట్టడం తేలిక కాబట్టి" అని ఇంకొకరంటారు. రెండిటినీ అననివ్వాలి.

ఇక టీచర్లతో ఒక మాట. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేశారు. అది పరిశీలన కోసం ఒక విదేశీ సంస్థ, ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. నేను ఇక్కడ మాట్లాడుతున్నది టీకా మంచిచెడ్డల గురించి కాదు, ఆ టీకా అవసరమైనదే. మాట్లాడుతున్నది ఒప్పుకోలు కాగితాల గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 కాగితాల లెక్క ఉంది. వాటిలో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు.

ఆ వార్డెన్లు చెడ్డవాళ్లని నేను అనను. చాలామంది మనవాళ్లే అయి ఉంటారు. పైనుంచి కాగితాలు వచ్చాయి, రేపటికి పంపాలన్నారు, తల్లిదండ్రులు ఎక్కడో కొండ మీద ఉన్నారు, పిల్లల మేలుకే కదా అనుకున్నారు, పెట్టేశారు. మేలు చేస్తున్నామన్న నమ్మకం ఉన్నప్పుడే అడగడం మరిచిపోతాం. ప్రదర్శన పేరుతో మనం కూడా పిల్లల ఫొటోలు, వివరాలు తీసుకుంటే చేసేది అదే పని కదా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్ల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలని అంటోంది. అదే చట్టం, సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం వాడుకునే వివరాలకు మాత్రం కొన్ని షరతుల మీద ప్రతిసారీ కొత్తగా అడగనక్కర్లేని వెసులుబాటు ఇచ్చింది. మన జీవితంలో ఎక్కువ భాగం ఆ వెసులుబాటు కిందికే వస్తుందన్నది పిల్లలకు చెప్పాలి.

అలాగైతే ప్రదర్శన ఎలా కట్టాలి? నా ఆలోచన ఇది. వచ్చినవాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు. వాళ్లను ఇచ్చేవాళ్ల వైపు కాకుండా అడిగేవాళ్ల వైపు కూర్చోబెట్టాలి.

ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫారం. కుర్చీలో చూడడానికి వచ్చినవాళ్లు ఆఫీసరుగా కూర్చుంటారు. ఎదురుగా ఒక విద్యార్థి కల్పిత పేరుతో, కల్పిత ఊరితో నిలబడతాడు. ఫారంలో పేరు, తండ్రి పేరు, తెగ, మతం, ఆదాయం, ఫోన్ నంబరు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది, ఆడవాళ్లకైతే ఎన్నో కాన్పు, ఇలా ఇరవై గళ్లుంటాయి. ఆట నియమం ఒకటే. ఎదుటివాడు ప్రతి గడి దగ్గరా "ఇది ఎందుకండీ?" అని అడగొచ్చు. కారణం చెప్పలేకపోతే ఆఫీసరే ఆ గడి కొట్టేయాలి. ఇరవైలో ఎన్ని మిగులుతాయో చూడండి. దోమతెర ఇవ్వడానికి మతం ఎందుకు? స్కూలు పోటీకి నాన్న ఆదాయం ఎందుకు? హెడ్మాస్టరు గారిని, సర్పంచిని, వస్తే ఐటీడీఏ ఉద్యోగుల్ని కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. "ఎందుకండీ" అన్న మాటను పెద్దవాళ్ల ముఖం మీద మర్యాదగా అనడం మన పిల్లలకు బడిలో ఎవరూ నేర్పలేదు. నలభై మంది ముందు ఒక్కసారి అంటే, తర్వాత నిజం ఆఫీసులో నోరు పెగులుతుంది.

రెండో చోట బంకమట్టి ముద్దలు పెట్టాలి. వచ్చినవాళ్లు బొటనవేలు నొక్కి తమ ముద్ర చూసుకుంటారు. గీతలు, సుడులు, అరిగిన చోట్లు. తర్వాత తామే చేత్తో రాసి చెరిపేస్తారు. అంతే. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, ఫోన్ నంబరు పోతే కొత్తది తీసుకోవచ్చు, వేలు మార్చుకోలేం. మట్టిలోది మనం చెరపగలం, కంప్యూటర్లోది మన చేతుల్లో లేదు. ఇది చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు.

మట్టి బల్ల వెనక గోడ మీద వేలిముద్ర చరిత్ర పెట్టొచ్చు. అది మన గడ్డ చరిత్రే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఆ సంతకం తనది కాదనకుండా భయపెట్టడానికే అలా చేశానని తర్వాత తానే రాసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్కలో అసలు పనిచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు. పేరు మాత్రం చాలాకాలం పైఅధికారికి దక్కింది. ఇటు 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. రిజిస్టరులో ఎక్కినవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఎరుకలవాళ్లను తెచ్చి ఉంచిన స్టూవర్ట్‌పురం ఇప్పటికీ అదే పేరుతో ఉంది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, రోజూ హాజరు చెప్పించుకున్న ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఒక వివరం ఎందుకోసం తీసుకుంటారో, రేపు దాన్ని ఎందుకు వాడతారో రెండూ ఒకటి కావన్నది ఈ గోడ చెబుతుంది.

ఆ గోడ మీద ఇంకో బొమ్మ పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉండి, మన పూర్వీకుల తలలు, ముక్కులు ఇనుప పరికరాలతో కొలిచి, ఫొటోలు తీసి, 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేయించాడు. ముక్కు పొడవు వెడల్పుల లెక్కతో మనుషుల్ని ఎక్కువ తక్కువ చేసిన కాలం అది. ఆ ఫొటోలు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి. వాటిని పెద్దవి చేసి తగిలిద్దామా? వద్దంటాను. ఆ ఫొటోలో అర్ధనగ్నంగా, బిక్కమొహంతో నిలబడ్డ మనిషి ఎవరికో తాత, ఎవరికో అమ్మమ్మ. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. ఖాళీ చట్రం ఒకటి తగిలించి, కింద "ఈ ఫొటో మా దగ్గర ఉంది. మేం వేలాడదీయడం లేదు" అని రాస్తే చాలు. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లుంటారని తెలుసు. దాచిపెడితే చరిత్ర ఎలా తెలుస్తుంది అంటారు. అది కొట్టిపారేసే వాదన కాదు. ఆ ఊరివాళ్లే, ఆ తెగవాళ్లే కూర్చుని పెట్టుకుందామంటే నాకు అభ్యంతరం లేదు. బడి ఒక్కటే నిర్ణయించకూడదని మాత్రమే నా మాట.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలవుతుంది. చట్టాలన్నీ ఒప్పుకోలును ఒక్కొక్క మనిషి లెక్కన చూస్తాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. గొప్ప తీర్పు. అందులోనూ హక్కు వ్యక్తిదే. కానీ మన వివరాలు మన ఒక్కరివేనా?

సికిల్ సెల్ రక్త పరీక్ష తీసుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఎవరికి జబ్బుంది, ఎవరు జబ్బు మోసేవాళ్లు, ఎవరికి లేదు అన్నది కార్డు మీద రాసి ఇస్తున్నారు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకుంటే పుట్టబోయే బిడ్డలకు మేలు. ఇది ప్రాణాలు కాపాడే పని, మన పిల్లలందరూ చేయించుకోవాలి. అయితే నా కార్డులో ఉన్నది నా ఒక్కడి సంగతి కాదు. అది మా అక్క సంగతి, మా మేనమామ పిల్లల సంగతి. అది బయటికి పొక్కితే పెళ్లి ఆగేది నాది కాకపోవచ్చు, చెల్లెలిది కావచ్చు. ఆమెను ఎవరు అడిగారు?

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో హవాసుపై అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. పెద్ద లోయ అడుగున వాళ్ల ఊరు. 1990 నుంచి వాళ్లు అక్కడి విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు, తమలో చక్కెర వ్యాధి ఎందుకు ఎక్కువగా ఉందో తేలుస్తారన్న ఆశతో. కొన్నేళ్ల తర్వాత వాళ్లకు తెలిసిందేమంటే, అదే రక్తం మీద మానసిక వ్యాధుల గురించి, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల గురించి, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని గురించి కూడా పరిశోధనలు చేశారు. ఆ లోయలోనే తాము పుట్టామన్నది వాళ్ల నమ్మకం. వాళ్ల రక్తంతోనే వాళ్ల పుట్టుక కథను కాదన్నారు. కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మిగిలిన రక్తం నమూనాలు తిరిగి అప్పగించింది. ఒక్కొక్కరు ఇచ్చిన రక్తమే, దెబ్బ మాత్రం తెగ మొత్తానికి తగిలింది.

పేరు తీసేస్తే సరిపోతుంది కదా అంటారు చదువుకున్నవాళ్లు. దానికో చీటీల ఆట పెట్టొచ్చు. నలభై గడపల కల్పిత గూడెం ఒకటి తయారుచేసి, ఇంటికో చీటీ రాయాలి. పేర్లు ఉండవు. ఏడో తరగతి చదివే అమ్మాయి ఉన్న ఇళ్లు ఏరమంటే తొమ్మిది మిగులుతాయి. వాటిలో కొండరెడ్లు ఎవరంటే మూడు. తండ్రి లేని పిల్ల ఎవరంటే ఒక్కటే చీటీ. పట్నంలో లక్షమందిలో దాక్కోవచ్చు. మన గూడేల్లో వయసు, గట్టు, వేల్పు చెబితే పేరు చెప్పినట్టే. "పేర్లు రాయలేదు సార్" అని సర్వేవాళ్లు అన్నప్పుడు పిల్లలకు ఈ ఆట గుర్తుకు రావాలి.

కొన్ని సంగతులైతే ఏ ఒక్కరివీ కావు. దేవర గుట్ట ఎక్కడుంది, పసరు మందులో ఏ వేరు కలుపుతారు, ఏ పాట ఎప్పుడు పాడతారు. కోయల పడిగె చూడండి. వంశం కథంతా బొమ్మలుగా ఉన్న ఆ గుడ్డను డోలీ ఎప్పుడు పడితే అప్పుడు విప్పడు. దానికి వేళ ఉంది, కొలుపు ఉంది, వినాల్సినవాళ్లు ఉన్నారు. కొత్త పంట చేతికొచ్చినా, చిక్కుడు కాసినా, పండుగ చేసి పెట్టకముందు నోట పెట్టని ఊళ్లు మనవి. కళ్లెదుట ఉన్నంత మాత్రాన తీసుకోవచ్చని కాదన్న తెలివి ఇందులో ఉంది. ఆలాగని మన ఆచారాలన్నీ అడిగి చేసేవేనని గొప్పలు పోనక్కర్లేదు. ఆడపిల్లను అడగకుండా సంబంధం ఖాయం చేసిన పెద్దలు మనలో లేరా? కులపెద్ద ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టేనా? సమష్టి మాట అన్నప్పుడు ఇదీ అడగాలి. గ్రామసభ సరే అన్నా ఒక మనిషి తన రక్తం ఇవ్వనంటే ఆ మాట నిలవాలి. ఒక మనిషి సరే అన్నా ఊరి మందు చెట్టు గురించి చెప్పడానికి గ్రామసభ ఉండాలి. రెండు తాళాలున్న పెట్టె లాంటిది.

బడిలో మనం ఇచ్చే ప్రాజెక్టు పనుల సంగతేమిటి? "మీ ఊరి మూలికల పేర్లు, ఉపయోగాలు సేకరించి రండి" అని తొమ్మిదో తరగతి పిల్లలకు రాయిస్తాం. తాతను అడిగి పిల్లవాడు రాసుకొస్తాడు. మంచి మార్కులు వేస్తాం. ఆ కాగితం ఎక్కడికి పోతుంది, ఎవరు ఫొటో తీసి ఏ గ్రూపులో పెడతారు, ఎవరూ చూడరు. ప్రదర్శన పెట్టే బడి ముందు ఈ అలవాటును ఒకసారి తడిమి చూసుకోవాలి.

ఇంతా చెప్పాక, ఎవరికీ ఏ వివరమూ ఇవ్వొద్దని జనం ఇంటికి వెళితే ప్రదర్శన చెడగొట్టినట్టే. భయం వేసిన మనిషి క్షయ పరీక్షకు కఫం ఇవ్వడు, బిడ్డకు జనన పత్రం తీయించడు. లెక్కలో లేకపోవడం వల్ల మనం పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. రికార్డు లేదనే కదా తరాలుగా దున్నిన పోడుకు మనల్ని ఆక్రమణదారులన్నారు! 2006 అటవీ హక్కుల చట్టంలో నాకు నచ్చే భాగం ఇదే. దరఖాస్తులు తీసుకునేది గ్రామసభ, పొలం మీదికి వెళ్లి చూసేది గ్రామసభ ఎన్నుకున్న కమిటీ, పటం గీసేది వాళ్లే. పై ఆఫీసుల్లో ఎన్ని తిరస్కరించారన్నది వేరే బాధ. కానీ మన గురించిన లెక్క మనమే రాసి పైకి పంపే పద్ధతి ఒకటి చట్టంలో ఉంది. జనగణనలో మన మతానికి వేరే గడి కావాలని ఆదివాసీలు అడుగుతున్నదీ అందుకే. 2020 నవంబరులో ఝార్ఖండ్ శాసనసభ సర్నా మతానికి కోడ్ కావాలని తీర్మానం చేసింది. మమ్మల్ని లెక్కపెట్టొద్దని కాదు వాళ్లన్నది, "ఇతరులు" అని లెక్కపెట్టొద్దని.

కాబట్టి ప్రదర్శనకు నడిబొడ్డున రెండు బల్లలు ఉండాలి. మొదటి దాని మీద ఒక చీటీ: "మీ పేరు చెబితే చెప్పండి, లేకపోతే లేదు." చెప్పినా చెప్పకపోయినా దోసెడు మొక్కజొన్న పేలాలు ఇస్తారు. పేరు వింటారు, రాసుకోరు. రెండో దాని మీద ఒక చెక్కపెట్టె, రేషన్ మిషన్ ఆకారంలో. వేలు పెడితే పెట్టె వెనక కూర్చున్న పిల్ల గంట కొడుతుంది, పేలాలు ఇస్తారు. కొందరికి గంట మోగదు. "సర్వర్ లేదు, రేపు రండి" అంటారు. ఎవరికి మోగదన్నది చీటీ తీసి నిర్ణయిస్తామని ముందే బోర్డు మీద రాసి పెట్టాలి. ఇందులో దాపరికం ఉండకూడదు. ముందే తెలిసినా, ఎదుట పేలాల గంప పెట్టుకుని ఉత్త చేతుల్తో పక్కకు జరగడం ఎలా ఉంటుందో జరిగినవాళ్లకు తెలుస్తుంది. ఆ చీటీ తహసీల్దారుగారికి వస్తే ఇంకా మంచిది. బయటికి వెళ్లే దారిలో ఒకే ప్రశ్న: "రెండు బల్లల దగ్గరా మీరు సరే అన్నారు. రెండు సరేలూ ఒకటేనా?" దాని కింద జవాబు రాయకండి.

ఇంత మెత్తగా పెడితే ఎవరికి గుర్తుంటుంది, తెర మీద ముఖం పడితేనే షాక్ కొడుతుంది అనే మాస్టార్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. షాక్ తిన్నవాడికి బడి మీద నమ్మకం ఒక పిసరు తగ్గుతుంది. మన ఊళ్లలో ప్రభుత్వం పేరుతో ఉన్నవాటిలో జనం ఇంకా కొంచెం నమ్మేది బడినే. దాన్ని ఒక పూట ప్రదర్శన కోసం ఖర్చు పెట్టుకోవడం బేరంలో నష్టమే.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. సాయంత్రానికి పైఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: ఎంతమంది వచ్చారు, పేర్లు, ఫొటోలు పంపండి. పేర్లు లేవని చెప్పాలి. ఫొటో కావాలంటే బల్లల ఫొటో పంపొచ్చు. సంఖ్య మాత్రం పంపొచ్చు, ఎందుకంటే ఆ కాలానికి మన ఇళ్లలో ఇప్ప గింజలు ఉంటాయి. గేటు దగ్గర ఒక గంపలో గింజలు, పక్కన ఒక ఖాళీ కుండ. లోపలికి వచ్చే ప్రతివాళ్లూ ఒక గింజ తీసి కుండలో వేస్తారు. రాత్రి ఇద్దరు పిల్లలు కూర్చుని లెక్కపెట్టి అంకె రాస్తారు. తర్వాత గింజలు నూనెకు పోతాయి.